ఒకే సెక్షనులో రెండు ఊపిరులు

గార్డు ఊపిరి మూడోసారి ఆగినప్పుడు పొట్నూరు కూర్మారావు గారు చేతి గడియారం చూసి, ఆ వ్యవధిని డైరీలో ఇంగ్లీషులో నమోదు చేశారు. పదకొండు సెకన్లు. మొదటిసారి నాలుగు, రెండవసారి ఏడు. ముప్ఫయి ఆరేళ్ళు స్టేషను మాస్టరుగా పనిచేసిన మనిషికి, ఆ వరుస ఎటు పోతోందో మరొకరు చెప్పనక్కరలేదు.

గార్డు వారి కుక్క. ఉద్యోగ విరమణకు కొద్ది నెలల ముందు గూడ్సు షెడ్డులో దొరికిన ఊరకుక్క పిల్ల. ప్లాట్‌ఫారం మీద ఎందరు నడుస్తున్నా అందరికంటే చివర, నాలుగడుగుల ఎడంగా నడిచేది. బండికి వెనక గార్డు ఉన్నట్టుందని పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ ఎవరో అంటే ఆ పేరే స్థిరపడిపోయింది. కూర్మారావు గారు తన కింద పనిచేసిన ఎవరినీ ఏనాడూ 'నువ్వు' అని పిలిచి ఎరగరు. ఆ నియమాన్ని కుక్క విషయంలో సడలించవలసిన కారణం ఆయనకు కనిపించలేదు. "గార్డు గారూ, తమరు కొంచెం లేస్తే తలుపు వేసుకుంటాం" అనేవారు. "అదేమన్నా డివిజనల్ మేనేజరా, తమరు అనడానికి? లేవరా" అని భార్య హైమావతి గారు కాలితో మెల్లగా తోసేది. గార్డు ఆవిడ మాటకే లేచేది.

మెదడు నుంచి మెడలోకి దిగే కాండం దగ్గర, ఊపిరిని నడిపించే చోట, కంతి పెరుగుతోంది. తీయకపోతే రెండు నెలలు. ఈ మాట చెప్పింది మధురవాడ కొండ మీది పశువైద్య పరిశోధనశాలలో శస్త్రవైద్యురాలు డాక్టర్ తాలాడ మృణాళిని.

"తీయాలంటే ఆ చోటును నలభై నిమిషాలు నిద్రపుచ్చాలి మాస్టారూ," అన్నదామె. "అంతసేపూ గాలి కొట్టడానికి యంత్రాలున్నాయి. చిక్కు అక్కడ కాదు. నిద్రపోయిన కేంద్రం లేచేటప్పటికి లయ మరచిపోతోంది. కంతి పోతుంది, గాయం మానుతుంది, కుక్క మాత్రం మళ్ళీ తనంతట తాను ఊపిరి తీయదు. అందుకే ఈ శ్వాసవారధి."

ఆమె బల్లమీద పెట్టింది రావి ఆకంత వెండిరంగు వల. దాన్ని మనిషి మెడ వెనుక అతికిస్తారు. అలాంటిదే ఇంకొకటి కుక్క నరాల మీద. మనిషి తీసే ఊపిరి లయ కుక్కకు చేరుతుంది. కుక్క రక్తంలో గాలి తగ్గితే ఆ ఆయాసం మనిషికి తెలుస్తుంది. తెలిసిన మనిషి గాఢంగా పీలుస్తాడు, కుక్క నిలబడుతుంది. రికార్డు చేసిన ఊపిరిని పంపి చూశారు, పనికిరాలేదు. దానికి ఆయాసం తెలియదు. ఆ కుక్కతో ఏళ్ళ తరబడి ఒక ఇంట్లో బతికిన మనిషి ఊపిరే కావాలి.

"ఎప్పుడు చేస్తారు?" అన్నారు కూర్మారావు గారు.

"ముందర అది కాదు అడగవలసింది," అన్నది హైమావతి గారు. "ఊపిరి ఇచ్చినవాళ్ళు ఏమవుతారమ్మా?"

మృణాళిని దాచలేదు. ఇచ్చినవారి లయ కూడా కొంత చెదురుతుంది. మెలకువలో ఏమీ ఉండదు, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంది. ఇంతవరకు నలుగురు ఇచ్చారు. ముగ్గురికి ఏడాదిలోపు సర్దుకుంది. నాలుగో ఆయనకు రెండేళ్ళయినా సర్దుకోలేదు. కుక్కల్లో రెండే బతికాయి.

"నలుగురిలో ముగ్గురంటే మంచి పాళ్ళే," అన్నారు కూర్మారావు గారు. "ఆ రెండు కుక్కలు ఎందుకు పోయాయో రికార్డులు ఇప్పిస్తారా? చూస్తాను."

పశువైద్యంలో ఓనమాలు రాని మనిషి ఇలా అడిగితే మరొకరు నవ్వేవారు. మృణాళిని తన సాంకేతిక సహాయకుడు ఇమ్మానుయేల్ వైపు చూసింది. అతడు నాలుగు ఆపరేషన్ల శ్వాసరేఖలూ అచ్చు వేయించి, దస్త్రంగా కట్టి ఇచ్చాడు.

మర్రిపాలెంలోని ఇంట్లో ఆ కాగితాలు మూడు రోజులు భోజనాల బల్లను ఆక్రమించాయి. హైమావతి గారు కంచాలు వరండాలోకి మార్చింది. నాలుగో ఉదయం ఆయన ఎర్ర పెన్సిలు పక్కన పెట్టి, "హైమా, వీళ్ళు తమకు తామే లైన్ క్లియర్ ఇచ్చుకుంటున్నారు," అన్నారు.

"నాకు తెలిసేలా చెప్పండి."

"రెండు స్టేషన్ల మధ్య సెక్షనులో ఒక్క బండే ఉండాలి. నేను బండి పంపాలంటే పక్క స్టేషను వాడు 'లైను ఖాళీ, పంపు' అనాలి. అదే లైన్ క్లియర్. నోటిమాట చాలదు. వాడి దగ్గర ఒక అంకెల కాగితం ఉంటుంది, ప్రైవేటు నంబర్లు. అందులోంచి ఒకటి చెప్పి కొట్టేస్తాడు. అది నాకు ముందుగా తెలియదు. ఎందుకు ఆ తతంగం? మనసులో బండి పోవాలని ఉన్నవాడికి, అవతలివాడు ఏమీ అనకపోయినా 'సరే' అన్నట్టే వినపడుతుంది కనుక. వారధి యంత్రం చివర్లో ఏం చేస్తోందంటే, కుక్క నరంలో ఊపిరి లయ కనబడగానే, కుక్క తనంతట తాను మొదలెట్టిందనుకుని మనిషిని తప్పిస్తోంది. కాని ఆ కనబడ్డది మనిషి పంపిన ఊపిరే తిరిగి వచ్చిందేమో! ప్రతిధ్వని. అందరూ మంచం మీద పడుకుని ఒకే తీరుగా ఊపిరి తీస్తుంటే ఏది ఎవరిదో ఎవడు చెప్పగలడు?"

హైమావతి గారు రెండు రేఖల మీదా వేలు నడిపి చూసింది. "అయితే చివర్లో ఊపిరిని వంకరటింకరగా తీయాలి. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది, అలా. కుక్క దగ్గర్నుంచీ అదే వంకర వస్తే అది మనదే."

కూర్మారావు గారు భార్యను కళ్ళజోడు పైనుంచి చూశారు. "సరిగ్గా నేను చెప్పబోయింది అదే," అన్నారు.

"చెప్పబోయారు," అన్నది ఆవిడ, కాగితాలు దొంతర పెడుతూ.

ఆయన ఫోనులో చెప్పినది విని మృణాళిని ఆ పూటే రికార్డులు తిరగేసింది. పోయిన రెండు కుక్కల విషయంలోనూ తప్పించే క్షణాన రెండు రేఖలూ అచ్చు గుద్దినట్టు ఒకలాగే ఉన్నాయి. వాపు వల్ల పోయాయని తానే నివేదిక వ్రాసింది. సాయంత్రం ఫోను చేసి, "మాస్టారూ, నేను చూడవలసినది మీరు చూశారు," అన్నది, ఇంకేమీ చేర్చకుండా. ఆపరేషనుకు వచ్చే గురువారం నిర్ణయమైంది.

ఊపిరి ఇచ్చేది తానేనన్న విషయంలో కూర్మారావు గారికి సందేహమే లేదు. అరవై ఎనిమిదేళ్ళు, రక్తపోటు లేదు, రోజూ నాలుగు మైళ్ళ నడక. సోమవారంనాడు కుక్క లేకుండా యంత్రంతో నమూనా పరీక్ష పెట్టారు. ఆయన మంచం మీద నిటారుగా, సెల్యూట్ చేస్తున్నవాడిలా పడుకున్నారు. ఇమ్మానుయేల్ తెర ముందు కూర్చున్నాడు. పదిహేను నిమిషాలు గీత గీసినట్టు సాగింది. అప్పుడు మృణాళిని, అసలు ఆపరేషనులో అనబోయే మాట అన్నది. "జాగ్రత్త. ఇప్పుడు కోస్తున్నాను."

తెర మీది రేఖ చదునైపోయింది.

"సార్, ఊపిరి," అన్నాడు ఇమ్మానుయేల్. "ఊపిరి తియ్యండి సార్."

మరోసారి చేశారు. ఇంకోసారి చేశారు. ప్రతిసారీ అంతే. కీలకమైన మాట చెవిన పడగానే ఆయన ఊపిరి బిగపట్టేస్తున్నారు, తనకు తెలియకుండానే.

"ఏటి సార్ ఇది?" అన్నాడు ఇమ్మానుయేల్, ఆయన నొచ్చుకోకుండా ఎలా చెప్పాలో తెలియక.

జవాబు హైమావతి గారు చెప్పింది. "ఆగని బండి స్టేషను దాటుతుంటే పచ్చజెండా పట్టుకుని నించునేవారు. ఇంజను వచ్చిన దగ్గర్నుంచీ చివరి పెట్టె వెనక దీపం కనబడేదాకా ఊపిరి తీసేవారు కాదు. పక్కన నించుని ఎన్నిసార్లు చూశానో. ముప్ఫయి ఆరేళ్ళ అలవాటు, గురువారానికి పోతుందా?"

"నేను అభ్యాసం చేస్తాను," అన్నారాయన, లేచి కూర్చుంటూ.

"మీరు బిగపడితే అక్కడ వాడూ బిగపడతాడు. పద్దెనిమిది సెకన్లు బిగపట్టారు ఇప్పుడు. నేను ఇస్తాను."

"నీకు అరవై మూడేళ్ళు."

"మీకు అరవై ఎనిమిది. లెక్కలు నాకూ వచ్చు."

"హైమా, ఆ నాలుగో మనిషికి రెండేళ్ళయినా..."

"మీరు ఇస్తానన్నప్పుడు నలుగురిలో ముగ్గురంటే మంచి పాళ్ళే అన్నారు. నా దగ్గరికి వచ్చేసరికి పాళ్ళు మారాయా?"

ఆయన తల ముందుకు వంచి కూర్చున్నారు. ఇమ్మానుయేల్ ఆయన మెడ మీది వల తీసి, శుభ్రపరిచి, ఆవిడ మెడకు అతికించాడు. మృణాళిని అదే మాటను ఆరు రకాలుగా అన్నది. హైమావతి గారి రేఖ చెదరలేదు. నాలుగోసారికి ఆవిడకు కునుకు కూడా పట్టింది.

ఇంటికి పోయే దారిలో ఆటోలో ఆయన ఒక్కమాటే అన్నారు. "మరి నేనేం చెయ్యాలి?"

"మీకు వచ్చిందే. లైన్ క్లియర్ ఇవ్వండి."

గురువారం ఉదయం తొమ్మిదింటికి గాజు గోడకు అటువైపు గార్డు, ఇటువైపు మంచం మీద హైమావతి గారు. కూర్మారావు గారు తెర ముందు, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో. తెర మీద పైన పచ్చరేఖ ఆవిడది, కింద పసుపురేఖ కుక్కది. ముఖానికి తొడుగు వేశాక ఆవిడకు మాట ఉండదు. చేతిసైగ ఒకటి అనుకున్నారు. ఒక వేలు ఎత్తితే ఆపమని, అరచేయి పరిస్తే కానివ్వమని. తొడుగు వేయబోతుంటే ఆవిడ, "మీరు లేచి అటూ ఇటూ పచార్లు చెయ్యకండి. నాకు కళ్ళు తిరుగుతాయి," అన్నది.

మొదటి పద్దెనిమిది నిమిషాలు రెండు రేఖలూ జోడెద్దుల్లా నడిచాయి. పంతొమ్మిదో నిమిషంలో లోపల రక్తం చిమ్మింది. మృణాళిని గొంతు పెరగలేదు గాని మాటలు పొట్టివయ్యాయి. పసుపురేఖ సన్నబడింది. మరుక్షణం హైమావతి గారి నుదుట చెమట పట్టింది, ఎవరో గుండెల మీద బస్తా దింపినట్టు భుజాలు పైకి లేచాయి. కుక్క ఆయాసం ఆవిడకు చేరింది. ఆవిడ గాఢంగా, ఒడ్డుకు తాడు లాగుతున్నట్టు, ఒక్కొక్క ఊపిరే లాగింది. కూర్మారావు గారు ఆవిడ చూపుడు వేలు వైపు చూస్తూ కూర్చున్నారు. వేలు కదలలేదు. ఇరవై మూడో నిమిషానికి పసుపురేఖ మళ్ళీ నిండుగా వచ్చింది.

ముప్ఫయి ఆరో నిమిషంలో కంతి బయటికి వచ్చింది, బఠాణీ గింజంత. ముప్ఫయి ఎనిమిదిలో కేంద్రాన్ని నిద్రపుచ్చిన మందు ఆపారు. ఇక అది లేవాలి. హైమావతి గారు అనుకున్న ప్రకారం ఊపిరిని మార్చసాగింది. అప్పటికప్పుడు తనకు తోచిన వరుసలో, ఎవరికీ ముందు చెప్పకుండా.

నలభై ఒకటో నిమిషంలో యంత్రం మోగింది. స్వయంశ్వాస గుర్తించబడినదని తెర మీద అక్షరాలు వెలిగాయి. ఇమ్మానుయేల్ చేయి మనిషిని తప్పించే మీట మీదికి పోయింది.

"ఆగండి," అన్నారు కూర్మారావు గారు.

పచ్చరేఖ: రెండు పొట్టి, ఒకటి పొడుగు, మూడు పొట్టి. పసుపురేఖ: రెండు పొట్టి, ఒకటి పొడుగు, మూడు పొట్టి. అర క్షణం ఆలస్యంగా, అంతే తేడా.

"ఇది ఆవిడ నంబరు. కుక్కది కాదు. లైన్ క్లియర్ లేదు."

గాజు అవతలినుంచి మృణాళిని గొంతు స్పీకరులో వచ్చింది. "మాస్టారూ, నలభై దాటింది. ఇక్కడినుంచి ప్రతి నిమిషమూ అమ్మగారికి ఎంత నష్టమో నాకు తెలియదు. నిమిషానికి నెల కావచ్చు, ఇంకా ఎక్కువ కావచ్చు. తప్పించమంటే తప్పిస్తాను. అధికారం మీది."

ఉద్యోగంలో ఆయన ఒక్కనాడు కూడా తప్పుడు లైన్ క్లియర్ ఇవ్వలేదు. మంత్రిగారి ప్రత్యేక రైలును నలభై నిమిషాలు నిలబెట్టి సంజాయిషీ వ్రాసుకున్నారు గాని ఇవ్వలేదు. ఇప్పుడు ఒక్క మాట, అదీ అబద్ధమైన మాట, నాలుక చివర సిద్ధంగా ఉంది. అది అనేస్తే హైమావతి లేచి కూర్చుంటుంది. అవతల ఎనిమిదేళ్ళ కుక్క ఒకటి ఆగిపోతుంది. వాపు వల్లనని వ్రాసుకోవచ్చు. ఆ మాటను వెనక్కి మింగడానికి ఆయనకు చాలాసేపే పట్టింది. లేచి, ఆవిడ మంచం దగ్గరికి నడిచి, చెవి దగ్గరకు వంగారు.

"హైమా, నలభై రెండు అయింది. వాడింకా రాలేదు. నువ్వు చాలించవచ్చు. నేనేమీ అనుకోను. ఎవరూ ఏమీ అనుకోరు."

ఆవిడ కళ్ళు తెరవలేదు. అరచేయి దుప్పటి మీద పరిచింది, పూర్తిగా, ఐదు వేళ్ళూ విప్పి.

ఆయన తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. నలభై మూడు. నలభై నాలుగు. ఇమ్మానుయేల్ పెదవులు దేనినో జపిస్తున్నాయి. నలభై ఆరులోనూ హైమావతి గారి అరచేయి ముడుచుకోలేదు. నలభై ఏడులో పచ్చరేఖ ఒకటి పొడుగు, రెండు పొట్టి అన్నది. పసుపురేఖ ఆ మాట వినలేదు. చిన్న చిన్న అలలు, గబగబా, సమానంగా, నిద్రలేచిన కుక్క తీసే ఊపిరి. ఒకటి, రెండు, మూడు. ఆయన పది లెక్కపెట్టారు. పదిలో ఒక్కటి కూడా ఆవిడ దానితో కలవలేదు.

"లైన్ క్లియర్," అన్నారు.

మీట కిందికి పడింది. పచ్చరేఖ ఆగింది. పసుపురేఖ తన దారిన తాను పోయింది.

గార్డు నాలుగో రోజున లేచి నడిచింది. తల ఎడమకు కాస్త ఒరిగి ఉండేది, గుమ్మం దాటేటప్పుడు భుజం రాసుకునేది, అన్నం మాత్రం మునుపటికంటే ఎక్కువ తినేది. హైమావతి గారు మూడో రోజునే లేచి కాఫీ కలుపుకుంది. మెలకువగా ఉన్నంతసేపూ ఆవిడకు ఏ లోటూ లేదు. కన్ను మూతపడితే ఊపిరి ఆగుతుంది. రాత్రి ముఖానికి గాలియంత్రం పెట్టుకుంటుంది. దానితో పట్టేది నిద్ర కాదంటుంది. అందుకని మధ్యాహ్నం రెండు గంటలు యంత్రం లేకుండా పడుకుంటుంది. కూర్మారావు గారు పక్కన కుర్చీ వేసుకుని, ఊపిరి ఆగినప్పుడల్లా తొమ్మిది లెక్కపెట్టి, వీపు మీద రెండు రెక్కల నడుమ అరచేయి ఆనించి నొక్కుతారు. ఊపిరి వస్తుంది, ఆవిడకు మెలకువ రాదు. ఏడు నెలలైంది. ఎంతకాలమో మృణాళిని చెప్పలేకపోయింది.

"ముప్ఫయి ఏళ్ళకు పైగా మీ డ్యూటీలకి నేను మెలకువగా కూర్చున్నాను," అన్నది ఆవిడ ఒకనాడు. "ఇప్పటికి నా దగ్గర డ్యూటీ పడింది మీకు. సెలవు పెట్టడానికి లేదు."

"నేను సెలవు ఎప్పుడు పెట్టాను?"

"మన పెళ్ళికి కూడా ఒక్కరోజే పెట్టారు. జ్ఞాపకం ఉంది."

అలాంటి రోజుల్లో మృణాళిని దగ్గరనుంచి ఫోను వచ్చింది. చీపురుపల్లిలో మందుల దుకాణం నడుపుకునే గొర్లె నారాయుడు, కుమారి అని భార్యాభర్తలు. వాళ్ళ కుక్కకూ అదే చోట కంతి. కుమారి ఊపిరి ఇస్తానంటోంది, నారాయుడు వద్దంటున్నాడు. "ఒకసారి వాళ్ళతో మీరు మాట్లాడగలరా అమ్మగారూ?"

"మాటలేం చెప్తామమ్మా," అన్నది హైమావతి గారు. "మధ్యాహ్నం రెండింటికి రమ్మనండి. నేను పడుకుంటాను. చూస్తారు."

ఫోను పెట్టాక కూర్మారావు గారు అభ్యంతరం చెప్పారు. నిద్రపోతున్న భార్యను పరాయివాళ్ళకు చూపించడం ఆయనకు తెలిసిన మర్యాదల్లో ఎక్కడా లేదు.

"మనకెవరు చూపించారు?" అన్నది ఆవిడ. "కాగితం మీద చదువుకున్నాం. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చును అని. చదివితే ఏం తెలుస్తుంది? చూస్తే ఇచ్చేవాళ్ళు ఇస్తారు, మానేవాళ్ళు మానుతారు. రెండూ మంచివే."

వాళ్ళు చెప్పిన వేళకే వచ్చారు. కుమారికి నలభై ఏళ్ళుంటాయి, చురుకైన మనిషి. నారాయుడు వెనకాల చెప్పులు రెండుసార్లు సర్దుకుని లోపలికి వచ్చాడు. హైమావతి గారు వాళ్ళకు మజ్జిగ ఇచ్చి, "నేను గురక పెడితే నవ్వుకోండి, ఆయన నవ్వరు," అని వెళ్ళి మంచం మీద పక్కకు తిరిగి పడుకుంది. పావుగంటకు నిద్ర పట్టింది. కూర్మారావు గారు గది తలుపు పూర్తిగా తెరిచి, వాళ్ళిద్దరినీ లోపలికి రమ్మని తల ఊపారు.

ఊపిరి ఆగింది. దుప్పటి కదలడం మానేసింది. కుమారి చేయి తన కొంగు మీద బిగుసుకుంది. కూర్మారావు గారు తొందరపడలేదు. తొమ్మిది అన్నాక అరచేయి ఆనించి నొక్కారు. దుప్పటి పైకి లేచింది.

"రోజూనా బాబూ?" అన్నాడు నారాయుడు గుసగుసగా.

"రోజూ. రెండు గంటల్లో పదిహేనుసార్లు, ఇరవైసార్లు."

"మీరు నిద్రపోతే?"

"నేను నిద్రపోను."

నారాయుడు మంచానికి దగ్గరగా జరిగాడు. మళ్ళీ ఊపిరి ఆగింది. కూర్మారావు గారు చేయి చాచబోయి, ఆగి, పక్కకు జరిగారు. "చోటు ఇక్కడ," అన్నారు నెమ్మదిగా, రెక్కల నడుమ చూపిస్తూ. "లెక్క మీరు పెట్టండి."

నారాయుడు భార్య వైపు చూడలేదు. వంగి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. తొమ్మిదికి అతని అరచేయి ఆవిడ వీపు మీద పడింది. చాలలేదు. ఇంకొంచెం బలంగా నొక్కాడు. ఊపిరి పొడవుగా లోపలికి పోయింది, బయటికి వచ్చింది. అతని ముఖం మీది చెమట మెడ దాకా జారింది.

"మరి వెళ్దామా?" అన్నది కుమారి, అతని భుజం తాకి.

"నువ్వు ఎల్లి బయట కూకో," అన్నాడు నారాయుడు. "నానింకోసారి ఆగీదాకా ఉంటాను. ఒకపాలికి నేర్చుకున్నట్టు కాదు."

కూర్మారావు గారు లేచి అతనికి తన కుర్చీ ఇచ్చారు.